కె.జి.ఎఫ్. (కోలార్ బంగారు గనులు) తెలుగువారి సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ సంవత్సరం మన సంఘం చేసిన పనుల్లో ముందుగా చెప్పవలసినది రాబర్ట్‌సన్‌పేటలో జరిపిన ఛాయాచిత్ర ప్రదర్శన. శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రానికీ మన బంగారు గనులకూ ఉన్న సంబంధాన్ని ఊరి పిల్లలకు చూపాలన్నది కార్యవర్గం చిరకాల కోరిక. కావేరి జలపాతం దగ్గర పుట్టిన కరెంటు 1902 జూన్ 30న సుమారు 147 కిలోమీటర్ల తీగల మీదుగా నేరుగా మన గనులకు వచ్చిందనీ, బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది ఆ తరువాత 1905లోననీ తెలిసి పిల్లలే కాదు, పెద్దలూ గర్వపడ్డారు. అంతకుముందు కట్టెలు, బొగ్గు కాల్చి ఆవిరితో నడిపిన మిల్లులూ కంప్రెసర్లూ ఆ కరెంటుతో నడవసాగాయి. గనుల కంపెనీలు కొంటామని ముందే ఒప్పుకోబట్టే మైసూరు ప్రభుత్వం అంత ఖర్చుకు తెగించగలిగింది. పథకాన్ని పట్టుబట్టి నడిపించిన దివాన్ శేషాద్రి అయ్యర్ 1901లోనే కన్నుమూసి, దాని ఫలితం చూడలేకపోవడం మనసును కలచివేసే విషయం. వేసవిలో నది సన్నగిల్లినా గనులకు కరెంటు తగ్గకూడదన్నది, సేద్యపు నీటితో పాటు, 1911లో కావేరి మీద కన్నంబాడి (కృష్ణరాజసాగర్) ఆనకట్ట పని మొదలుపెట్టడానికి ఒక ముఖ్య కారణం. అప్పటి చీఫ్ ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులు తెలుగు నేల నుంచి వచ్చినవారేనన్న ఫలకం ముందు చాలామంది ఆగి చదివారు.

తాతల నాటి గని దీపాలు, హాజరు బిళ్లలు, ఫొటోలు నమ్మి మన చేతికిచ్చిన ఛాంపియన్ రీఫ్, మారికుప్పం కుటుంబాలకూ, హాలు ఉచితంగా ఇచ్చిన దాతకూ, ఫలకాలు రాసిన ఉపాధ్యాయులకూ, భోజనాలు చూసుకున్న మహిళా సభ్యులకూ సంఘం రుణపడి ఉంది.

అయితే పేర్లిచ్చిన స్వచ్ఛంద సేవకుల్లో సగం మంది కూడా ప్రదర్శన రోజున రాలేదు. పాత విద్యుత్ పటాలకు నకళ్లు కోరుతూ సంబంధిత కార్యాలయానికి రాసిన ఉత్తరాలకు జవాబే లేదు, ఆహ్వానించిన అధికారులు ముఖం చూపలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. శివనసముద్రంలో టర్బైన్లు నేటికీ తిరుగుతున్నాయి. గని పనివారి తరం మన మధ్య ఉండగానే వారి మాటలను రికార్డు చేయాలన్న నిరుటి తీర్మానం మనుషులు లేక ఆగిపోయింది.

జమాఖర్చులను లెక్కల తనిఖీదారు ఆమోదించారు. పట్టిక సభలో అందజేస్తాము. చందా బకాయిలు సభకు ముందే చెల్లించాలనీ, రికార్డింగు పనికి నిజంగా రాగలవారు మాత్రమే పేర్లివ్వాలనీ మనవి.

ఇట్లు,
కార్యదర్శి