చావడి కూడలి మార్పులు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనిలో ముప్పాతిక వంతు చెన్నై జార్జ్ టౌన్‌లోని చావడి కూడలికే పోయింది. ఉగాది పంచాంగ శ్రవణం, వేసవి మజ్జిగ పందిరి, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు చివరి పట్టికలో ఉన్నాయి కనుక ఇక్కడ మళ్లీ రాయడం లేదు. కూడలి రూపు మార్చడానికి అధికారులు పంపిన ముసాయిదా సంగతి మాత్రం వివరంగా రాస్తున్నాం. దానిమీద అభ్యంతరాలు పంపిన సభ్యుల్లో చాలామందికి పక్క కొట్టువాళ్లు ఏం రాశారో తెలియదు.

ముసాయిదా

జార్జ్ టౌన్‌లో నలుగురు నిలబడేంత ఖాళీ జాగా ఉన్న చోట్లు తక్కువ. 1996లో కొత్వాల్ చావడి టోకు కూరగాయల బజారు కోయంబేడుకు తరలిపోయింది. పెద్ద లారీలు దానివెంట పోయాయి. చిల్లర కొట్లు, పూలగంపలు, పార్సిల్ ఆఫీసులు, మీన్‌బాడీ బండ్లు (సరుకు మోసే మూడు చక్రాల బండ్లు) మాత్రం మన చుట్టూ మిగిలాయి. అలాంటి కూడలికి వచ్చిన ముసాయిదాలో నేలంతా గ్రానైటు పలకలు, అంచుల్లో పార్కింగు రద్దు, పూలమ్మేవాళ్లకు వెనుక సందులో చోటు, బండ్లు రాకుండా స్తంభాలు, ఉత్తరం వైపు ఒక అలంకార తోరణం, కూర్చునే బల్లలు ఉన్నాయి.

అభిప్రాయాలు చెప్పమని పెట్టిన కాగితం ఏ3 సైజుది, స్కేలు 1:500. ఆ లెక్కన 60 సెంటీమీటర్ల పూలగంప కాగితం మీద 1.2 మిల్లీమీటర్లు, అంటే పెన్సిలు చుక్క. తన చోటు ఉందో పోయిందో ఆ చుక్కలో వెతుక్కోమంటే ఎవరు వెతుక్కుంటారు? వివరాలు ఇంగ్లీషులో, తమిళంలో మాత్రమే ఇచ్చారు. మన వీధుల్లో తెలుగు, హిందీ, గుజరాతీ మాట్లాడేవాళ్లూ వ్యాపారం చేస్తున్నారు. సమావేశం పొద్దున 11 గంటలకు పెట్టారు. అది మూటలు దిగే వేళ, కొట్టు వదిలి ఎవరూ రాలేరు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడ ఇల్లు ఉండి వేరేచోట కాపురం ఉంటున్నవారే.

అందుకని కూడలిని 1:50 స్కేలులో మళ్లీ గీయించాం. పొడవు సుమారు 40 మీటర్లు, వెడల్పు 24 మీటర్లు. ఒక ఏ-జీరో కాగితంలో సరిపోయింది. అట్టముక్కలు కత్తిరించి పెట్టాం: పూలగంప 12 మిల్లీమీటర్లు, టాటా ఏస్ బండి 76కి 30 మిల్లీమీటర్లు. నడిచే దారికి 36 మిల్లీమీటర్ల పట్టీ, అంటే నేలమీద 1.8 మీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ప్లాట్‌ఫారం (రోడ్డు పక్క కాలిబాట) మీద అడ్డంకి లేకుండా ఉండాల్సిన కనీస వెడల్పు అది. మూడు చోట్ల ఈ కాగితం పరిచి, సాయంత్రం ఏడు తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లను అట్టముక్కలు జరపమన్నాం. ఉపన్యాసాలకన్నా ఇది పని చేసింది. పార్కింగు కావాలని గట్టిగా అన్నవారు తమ కొట్టు ముందు రెండు ఏస్ ముక్కలు పెట్టి చూసి, మూడోదానికి చోటు లేదని తామే ఒప్పుకున్నారు.

కొలతల్లో జరిగిన పొరపాట్లు

మొదటిసారి రాత్రి పదిన్నరకు, షట్టర్లు దించాక కొలిచాం. వచ్చిన వెడల్పులు చాలా బాగున్నాయి, అవన్నీ తప్పు. పగలు మడత మెట్లు దిగుతాయి, బోర్డుల కాళ్లు వస్తాయి, బట్టల కొట్ల బొమ్మలు బయటికి వస్తాయి. రెండోసారి సాయంత్రం ఆరుకు కొలిస్తే, తూర్పు వైపు 2.6 మీటర్లు అనుకున్నది 1.4కి తగ్గింది. కరెంటు పెట్టె దగ్గర 90 సెంటీమీటర్లే. కనుక పంపిన పటంలో ప్రతిచోటా రెండు అంకెలు వేశాం, రాత్రిది ఒకటి, సాయంత్రానిది ఒకటి. ఇకమీదట కొలిచేవాళ్లకు ఒక మాట: గుడ్డ టేపు వాడకండి, సాగుతుంది. 30 మీటర్ల స్టీలు టేపు తీసుకోండి, ఇద్దరు పట్టుకోండి, మూడో మనిషి రాసుకోవాలి.

ఎత్తులకు తాపీమేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతోనే పని జరిగింది. పారదర్శకమైన గొట్టంలో బుడగ ఒక్కటి మిగిలినా లెక్క తప్పుతుంది. నీళ్లు పోశాక గొట్టాన్ని కింది నుంచి పైకి తడుతూ బుడగలు పంపేసి, రెండు కొసలూ పక్కపక్కన పెట్టి నీటిమట్టం ఒకటేనని చూసుకుని అప్పుడు మొదలుపెట్టాలి. ఉత్తరం వైపు కొట్ల గడపలకన్నా రోడ్డు మధ్యభాగం 35 సెంటీమీటర్లు ఎత్తు ఉందని ఇలాగే తేలింది. కారణం అందరికీ తెలిసిందే. పాత తారు గీకకుండా దానిమీదే కొత్త పొర వేస్తూ వచ్చారు. ఒక్కో పొర 3 నుంచి 5 సెంటీమీటర్లు. పాత పొర గీకాకే కొత్తది వేయాలని 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించింది. అంతకుముందు పెరిగిన ఎత్తు మాత్రం అలాగే ఉంది.

తగాదా ప్లానులో లేదు

మనవాళ్లంతా ప్లాను ముందు పెట్టుకుని వాదించుకున్నారు. ప్లానులో పొడవు, వెడల్పు కనిపిస్తాయి. ఎత్తూ కనిపించదు, వేళా కనిపించదు. మన తగాదాల్లో ఎక్కువ భాగం ఆ రెండింటిలోనే ఉంది.

ముందు ఎత్తు. ముసాయిదాలో నేల మధ్యలో ఉబ్బి, రెండు వైపులకు 100కి 2 చొప్పున వాలుతుంది. 24 మీటర్లలో సగం 12 మీటర్లు, 2 శాతం వాలుకు 24 సెంటీమీటర్లు. అంటే పడిన వాననంతా కొట్ల గడపల వైపు తోలుతున్నట్టే. గడపలు ఇప్పటికే పల్లంలో ఉన్నాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానకు ఏ వైపు కొట్లలో బస్తాలు తడిశాయో గుర్తు తెచ్చుకోండి. మనం అడిగింది దీనికి తిరగేసినది: అంచులు ఎత్తుగా, మధ్యలో దోనెలాగా పల్లం, అందులో జాలీ మూత ఉన్న కాలువ.

దీనిలోనూ చిక్కులున్నాయి. మధ్యలో అంత లోతు తీస్తే పాత నీటిపైపులు, కరెంటు కేబుళ్లు ఎక్కడ తగులుతాయో తెలియదు. అందుకే యంత్రం దింపేముందు చేత్తో పరీక్ష గుంటలు తవ్వాలని రాశాం, మీటరు చదరం, 1.2 మీటర్ల లోతు, కనీసం ఆరు చోట్ల. ఇక చెత్త. ఇక్కడ కాలువ మూసుకుపోయేది ప్లాస్టిక్‌తో మాత్రమే కాదు. అరటి నార, దండల దారం, తడిసిన పూలు కలిసి చాపలాగా అల్లుకుపోతాయి. జాలీ కింద మడ్డి పట్టే గుంత, పైన ఒక మనిషి లేపగలిగే మూత లేకపోతే మొదటి వానకే నిండుతుంది. జాలీ సందులు 12 మిల్లీమీటర్లకు మించకూడదు, బండి చక్రం వెళ్లే దిక్కుకు అడ్డంగా ఉండాలి. నిలువుగా పెడితే తోపుడు బండి చక్రం ఇరుక్కుంటుంది. ఇనుప మూతలు రాత్రికి రాత్రి మాయమవుతాయి కనుక బందులతో బిగించేవి అడిగాం.

పూలవర్తకులు ఈ దోనె ఆలోచనను ఒప్పుకోలేదు. నీళ్లు మధ్యలో నిలిస్తే తాము కూర్చునేది అక్కడే కదా అన్నారు. న్యాయమైన మాటే. వాళ్ల అసమ్మతిని మన లేఖకు అనుబంధంగా, వాళ్ల మాటల్లోనే జతచేశాం. సంఘం తరఫున ఒకే గొంతు వెళ్లాలని కొందరు సభ్యులు పట్టుబట్టారు. లేని ఏకాభిప్రాయాన్ని కాగితం మీద పుట్టించడం కార్యవర్గానికి ఇష్టం లేకపోయింది.

ఇక వేళ. ఒకే మూడు మీటర్ల పట్టీని తెల్లవారుజామున పూలబండ్లు, పదింటిదాకా గంపలు, ఆ తర్వాత సరుకు దించే బండ్లు, సాయంత్రం కొనుగోలుదారులు వాడుకుంటున్నారు. పార్కింగా, పూలా అని కొట్టుకున్న ఇద్దరు చాలా రోజుల్లో ఒకరి కంట ఒకరు పడరు. 24 గడులున్న పట్టిక చేసి ఎవరెవరికి ఏ గంటలో ఆ చోటు అక్కరో గుర్తు పెట్టమన్నాం. నిజంగా ఢీకొన్నవి ఉదయం 9 నుంచి 11 వరకు, రెండు గంటలు. అయితే ముహూర్తం రోజుల్లో, ఆయుధపూజ, పొంగల్ ముందు ఈ పట్టిక చెల్లదు. పూలు రాత్రిదాకా ఉంటాయి. కనుక రెండు పట్టికలు పంపాం.

ప్రయోగం రెండుసార్లు జరిగింది. మొదటిది ఆదివారం, సున్నంతో గీతలు గీసి. టోకు కొట్లు మూసి ఉన్నాయి, అంతా సాఫీగా నడిచింది, దాంతో నేర్చుకున్నది సున్నా. మధ్యాహ్నం చినుకులకు గీతలు కూడా పోయాయి. రెండోది ముహూర్తం ముందురోజు, పనిదినాన, ఇసుక నింపిన బియ్యం సంచులు, తాడుతో. పది నిమిషాల్లోనే తెలిసింది: మీన్‌బాడీ బండి మలుపు తిరగడానికి పటంలో వదిలిన చోటు చాలదు. పొడవైన ఇనుప కడ్డీలు వేసుకున్న బండి మూలమీద మూడు సంచులు లాక్కుపోయింది. ఆ మూలను లోపలికి తగ్గించమని రాశాం.

పూలమ్మేవాళ్ల చోటు

పూలమ్మేవాళ్లను వెనుక సందుకు తరలించకూడదన్న విషయంలో సంఘం ఏకాభిప్రాయంతో ఉంది, కనీసం ఓటింగు దాకా వచ్చేసరికి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. తరలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సర్వే కనీసం ఐదేళ్లకోసారి జరగాలి. పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులు, వాళ్లలో మూడోవంతు మహిళలు ఉండాలి. మనకు ముఖ్యమైనది రెండో షెడ్యూలు: 50 ఏళ్లకు పైగా సాగుతున్న సహజ బజార్లను (వాటంతట అవే ఏర్పడినవాటిని) వారసత్వ బజార్లుగా ప్రకటించాలి, అక్కడివాళ్లను తరలించకూడదు.

యాభై ఏళ్లు అనడం సులువు, చూపించడం కష్టం. పనికొచ్చినవి ఇవి: పాత దినసరి రుసుము రసీదులు, వెనుక తేదీ రాసి ఉన్న పెళ్లి ఊరేగింపు ఫొటోల్లో మూలన పడ్డ గంపలు, పక్క కొట్ల పాత పద్దుల్లో పూలకు చెల్లించిన రోజువారీ మొత్తాలు. పనికిరానివి: ఒకే మాట జెరాక్సు తీసి సంతకాలు మాత్రం మార్చిన లేఖలు. వాటిని కట్టగట్టి ఒకే అభ్యంతరంగా లెక్కవేశారు. ప్రతి లేఖలో కొట్టు నంబరు, పటంలో ఏ చోటు, ఏ వేళ, ఏం ఇబ్బంది అన్న నాలుగూ ఉంటేనే విడిగా చూస్తారని ఆలస్యంగా తెలిసింది.

తోరణం, గొడుగులు, రాయి

తమిళ నెల పురటాసిలో తిరుమల బ్రహ్మోత్సవాలకు చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి బయల్దేరే గొడుగులు గోవిందప్ప నాయకన్ వీధి మీదుగా యానైకవుని దాటి వెళ్తాయి. ఆ రోజు జనం మన కూడలిలోకి పొంగుతారు. ఉత్తరపు తోరణాన్ని వద్దన్నది అందం బాగాలేదని కాదు. రోడ్డు మీద 5.5 మీటర్ల ఖాళీ ఎత్తు ఉండాలి, గీసిన తోరణం మధ్యలోనే అంత ఉంది, పక్కల్లో లేదు. ఇప్పటికే వేలాడే ఇంటర్నెట్ తీగల్ని కవకర్ర పెట్టి ఎత్తాల్సి వస్తోంది. తోరణం బదులు ఖాళీ గొట్టాలు నేలలో పాతి, లోపల లాగే తాడు వదిలిపెట్టమన్నాం. లేకపోతే కొత్త తీగ వచ్చిన ప్రతిసారీ కొత్త రాయి పగులుతుంది. వరస కూడా రాసిచ్చాం: మురుగు, మంచినీళ్లు, వానకాలువ, తీగల గొట్టాలు, అన్నీ పూర్తయి పరీక్షించాకే రాయి.

రాయి విషయంలో పాండీ బజారును చూపించినవాళ్లు చాలామంది. అక్కడి త్యాగరాయ రోడ్డులో 2019 నవంబరులో తెరిచిన నడకదారి బాగుంది. తెలుగు నాయకుడు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి పేరున్న రోడ్డు కనుక మనకు కాస్త మమకారం కూడా ఉండొచ్చు. కానీ అక్కడికి జనం కొనడానికి వస్తారు, ఇక్కడికి సరుకు మొయ్యడానికి వస్తారు. నునుపు గ్రానైటు మీద తడి పూలరేకులు పడితే నెత్తిన మూట ఉన్న కూలీ జారతాడు. మంటతో గరుకు చేసిన పలకలు అడిగాం. బండి ఎక్కే చోట పలక మందం, కింది కాంక్రీటు విడిగా చూపించమన్నాం. మనుషులు నడవడానికి లెక్కవేసిన పలక ఏస్ బండి బరువుకు అంచుల్లో పగులుతుంది. గుండ్రాళ్ల పరుపు వద్దన్నాం. అది ఫొటోకు బాగుంటుంది, చక్రాలకూ చేతికర్రకూ పనికిరాదు.

ఇప్పుడు ఎక్కడున్నాం

తోరణం తీసేస్తామని మాటగా చెప్పారు, కాగితం రాలేదు. సవరించిన సెక్షన్ పటం (ఎత్తుపల్లాలు చూపే అడ్డుకోత పటం) ఇంకా చూపించలేదు. అది రాకుండా మళ్లీ సమావేశం అంటే వెళ్లవద్దని కార్యవర్గం తీర్మానించింది. ఇద్దరు సభ్యులు వ్యతిరేకించారు. బండ్లను ఆపే స్తంభాల్లో నాలుగు, ఫైరింజన్ కోసం తాళం తీసి లేపేవిగా ఉండాలని ఒప్పుకున్నారు. తాళంచెవులు మూడు ఉంటాయి. ఒకటి ఫైర్ స్టేషనుకు, ఒకటి పోలీసు చౌకీకి. మూడోది రాత్రిపూట ఇక్కడే ఉండే ఎవరి దగ్గర పెట్టాలన్నది సర్వసభ్య సమావేశం ఎజెండాలో నాలుగో అంశం. పేర్లు ముందే ఇవ్వండి.

కార్యవర్గం