సంతకం పెట్టే ముందు

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. నీ ఫోన్ వచ్చి చాలా రోజులైంది. మెసేజ్ పెడితే "బిజీ అమ్మా" అంటావు. మొన్న శీను వచ్చి, మీ కంపెనీకి సరుకు చేసిచ్చే సప్లయర్ దగ్గర కూలీల సంగతి అంతా సవ్యంగా ఉందనే ఏదో ఆడిట్ కాగితం మీద నువ్వు సంతకం పెట్టనన్నావని, పైవాళ్లు గుర్రుగా ఉన్నారని చెప్పి పోయాడు. వాడి మాటల్లో సగం తీసేయాలిలే. నాకేం టెన్షన్ లేదు.

ఈసారి గద్వాల దగ్గర ఐజ వైపు సీడ్ పత్తి, అదే విత్తనాల కోసం పెంచే పత్తి, బాగా వేశారు. క్రాసింగ్ రోజులొస్తే నా పాత బడే గుర్తొస్తుంది. సాయంత్రం ఒక్కో మొగ్గ ఒలిచి కేసరాలు తీసేయాలి, పొద్దున్నే మగ పువ్వు పుప్పొడి అద్దాలి. మిషన్‌తో అయ్యే పని కాదు. విత్తన కంపెనీకీ రైతులకూ మధ్య ఉండే ఆర్గనైజర్లు పిల్లల కూలి కింద వేసవిలోనే తల్లిదండ్రులకు అడ్వాన్సులిచ్చేవాళ్లు. ఆగస్టు దాటితే నా ఐదో తరగతిలో ఆడపిల్లల బెంచీలు ఖాళీ. ఒకరోజు చేలో పిల్లలున్నారేమో చూడ్డానికి కంపెనీవాళ్ల జీపు వస్తోందనగానే పిల్లలందర్నీ చేలోంచి బళ్లోకి తోలారు. మూడో బెంచీ పిల్ల వేళ్లకు పుప్పొడి అలాగే ఉంది, గౌనంతా పురుగుమందు వాసన. వచ్చినాయన హెడ్‌మాస్టారి గదిలో టీ తాగి, హాజరు పట్టీ చూసి, రాసుకుని వెళ్లిపోయాడు. ఆ పిల్లను ఒక్క మాట అడగలేదు. హెడ్‌మాస్టారితో నేను పెద్ద గొడవే పెట్టుకున్నాను. మర్నాడు బెంచీ మళ్లీ ఖాళీ.

ఆ పిల్ల వాళ్ల రైతును అడిగితే, "టీచరమ్మా, కంపెనీ ఇచ్చే రేటుకు పెద్దోళ్ల కూలి గిట్టదు" అన్నాడు. అది కూడా నిజమే. రేటు పెంచకుండా పిల్లల్ని పెట్టొద్దంటే రైతు మానడు, దాస్తాడు. అందుకే మీ కంపెనీ ఆ సప్లయర్‌కు పీసుకు ఎంత ఇస్తోందో ముందు కనుక్కో. ఆర్డర్ రద్దు చేసి చేతులు దులుపుకుంటే కూలి పోయేది అక్కడ పనిచేసేవాళ్లకే.

బంగ్లాదేశ్‌లో కూలిపోయిన బట్టల ఫ్యాక్టరీల భవనం రాణా ప్లాజా సంగతి నాకు చెప్పింది నువ్వే కదా. 2013 ఏప్రిల్ 23న గోడలు బీటలు వారితే అదే భవనంలోని బ్యాంకు తన ఉద్యోగుల్ని ఇంటికి పంపేసింది. బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. భవనం కూలి 1,100 మందికి పైగా పోయారు. అక్కడి ఫ్యాక్టరీల్లో కొన్నిటికి అంతకుముందే ఆడిట్లు అయ్యాయని కూడా చెప్పావు. సప్లయర్ దగ్గర జరిగిన హక్కుల ఉల్లంఘన కంపెనీ కూడా పట్టించుకోవాలని 2011 ఐక్యరాజ్యసమితి సూత్రాల్లో ఉందన్నావు. మరి కూలీలను గేటు బయట, మేస్త్రీ లేనప్పుడు అడిగావా? కాంట్రాక్టరు మనుషుల్ని లెక్కలో చూపించారా? కళ్లతో చూడనిదానికి సంతకం పెట్టకు. ఎవరితోనూ నోటితో గొడవపడకు, ఏదైనా మెయిల్లోనే రాయి, కాపీ నీ దగ్గర ఉంచుకో.

లెక్చర్ దంచుతున్నానని విసుక్కోకు. పెట్టనని నిజంగానే అని ఉంటే మంచి పనే చేశావు. పెట్టేసి ఉన్నా నాతో చెప్పు, ఏం చేయాలో చూద్దాం. జీతం ఆగితే అద్దె గురించి ఆలోచించకు, నాన్న పెన్షన్ ఒకటో తారీఖునే పడుతుంది. రాత్రిళ్లు మ్యాగీతో సరిపెట్టకు. గోంగూర పచ్చడి, సున్నుండలు పార్సిల్ కట్టి ఉంచాను. ఆఫీసుకు పంపాలా, రూముకు పంపాలా చెప్పు.

అమ్మ