పడకల్ అని చెప్పిన పిల్లకు మార్కు పోయింది

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బళ్లలో సోషల్ చెప్పి రిటైర్ అయ్యాను. కల్వకుర్తిలో ఉంటాను. మొన్నామధ్య మా దగ్గరి ఒక బడిలో పిల్లలకు క్విజ్ పెట్టి నన్ను అతిథిగా పిలిచారు. "బూర్గుల రామకృష్ణారావు ఏ ఊర్లో పుట్టారు?" అని, హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి గురించి, అందులో ఒక ప్రశ్న వచ్చింది. తలకొండపల్లి దిక్కు నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల తడుముకోకుండా "పడకల్ సార్" అన్నది. ప్రశ్నలు అడిగే ఆయన చేతిలోని కాగితం చూసుకొని "తప్పమ్మా, బూర్గుల" అని మార్కు పక్క టీంకు వేశారు. నేను లేచేలోపే తర్వాతి ప్రశ్న మొదలైంది.

అంతా అయిపోయినంక వాళ్లకు సంగతి చెబితే "పేరులోనే ఊరు ఉన్నది గదా సార్" అన్నారు. అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు. ఆ పిల్లను పక్కకు పిలిచి "నువ్వు చెప్పిందే కరెక్ట్ బిడ్డా" అన్నాను. దానికి ఆమె మొహం ఏమీ వెలగలేదు. "మా తాత చెప్పిండు సార్. యాడన్న రాసి ఉంటే చూపిస్తుంటి" అన్నది. ఆ మాట పట్టుకొని రెండు వారాలుగా నాకు మనసున పడుతలేదు. అందుకే ఈ ఉత్తరం.

సంగతి ఏమిటంటే, రామకృష్ణారావు గారు 1899 మార్చి 13న పడకల్‌లో పుట్టారు. తల్లి రంగనాయకమ్మ, తండ్రి నరసింగరావు. వాళ్ల అసలు ఇంటిపేరు పుల్లమరాజు. స్వగ్రామం షాద్‌నగర్ దగ్గరి బూర్గుల కాబట్టి జనం నోట్లో ఆ ఊరే ఇంటిపేరై నిలిచిపోయింది. పుట్టిన ఊరు ఒకటి, సొంతూరు ఇంకొకటి కావడం మన దిక్కు వింతేమీ కాదు. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారి సొంతూరు ఇటిక్యాలపాడు, పుట్టింది బోరవెల్లిలో. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోయే చోట ఇట్లాంటివి ఇంటింటికీ ఉంటాయి. నేను పుట్టింది కూడా మా అమ్మమ్మ ఊర్లోనే. కాగితాల మీద మాత్రం ఎక్కడ చూసినా నాయిన ఊరే ఉంటుంది.

దీనికి తోడు జిల్లాల తికమక ఒకటి. పాత పుస్తకాల్లో "మహబూబ్‌నగర్ జిల్లా, కల్వకుర్తి తాలూకా, పడకల్" అని ఉంటుంది. తాలూకాలు పోయి మండలాలు వచ్చి ఎన్నో ఏళ్లయింది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కల్వకుర్తి నాగర్‌కర్నూల్‌కు పోయింది, పడకల్ ఉన్న తలకొండపల్లి మండలం రంగారెడ్డికి పోయింది. బూర్గుల కూడా రంగారెడ్డిలోకే చేరింది. ఇప్పుడు ఏ పిల్లవాడైనా పుస్తకంలో చదివి పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లా మ్యాపులో వెతికితే ఆ రెండు ఊర్లూ దొరకవు. పాలమూరు వాళ్లకు అవి ఇప్పుడు వేరే జిల్లా ఊర్లు, రంగారెడ్డి వాళ్లకేమో ఆయన పాలమూరు మనిషి.

టీవీ పుణ్యాన పిల్లలకు "బీఆర్‌కే భవన్" అన్న మాట మాత్రం బాగా తెలుసు. 2019 నుంచి 2023లో కొత్త సచివాలయం తెరిచేదాకా పాలన అంతా అక్కడి నుంచే నడిచింది కదా. ఆ మూడు అక్షరాలు ఎవరివి అని నేను చాలామందిని అడిగి చూశాను. కాలేజీ పిల్లలు కూడా నీళ్లు నమిలారు. అవి బూర్గుల రామకృష్ణారావు గారి పేరులోవే. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి ఆయన. తర్వాత కేరళకు, ఉత్తరప్రదేశ్‌కు గవర్నర్‌గా పోయారు. అంతకు ముందు, 1931లో దేవరకొండలో జరిగిన రెండో ఆంధ్ర మహాసభకు, అంటే నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సభకు, అధ్యక్షుడు. పీవీ నరసింహారావు గారు వకీలుగా ఆయన దగ్గర జూనియర్. మా దిక్కు రెవెన్యూ ఆఫీసుల్లో ఇప్పటికీ వినబడే "38-ఇ" అనే మాట, అంటే రక్షిత కౌలుదారుకు భూమి మీద హక్కు ఇచ్చే సెక్షన్, ఆయన ప్రభుత్వం ఉండగా 1954 సవరణతో కౌలుదారీ చట్టంలోకి వచ్చింది. ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమంలో హైదరాబాద్‌లో కాల్పులు జరిగిందీ ఆయన హయాంలోనే. ఆంధ్ర, తెలంగాణ కలిసే ముందు రెండు దిక్కుల నాయకులు చేసుకున్న 1956 పెద్దమనుషుల ఒప్పందం మీద ఆయన సంతకమూ ఉంది. వీటి మీద మా నాయిన, మా పెద్దనాయిన రాత్రి అన్నాలు చల్లారేదాకా వాదించుకునేవాళ్లు. ఆ వాదన పాఠంలో చెప్పుకోవాలి. పుట్టిన తావు విషయంలో వాదనకు చోటే లేదు.

నేను అడిగేది రెండు రాళ్లు. పడకల్‌లో ఒకటి, బూర్గులలో ఒకటి, రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడేటట్టు. పడకల్ రాయి మీద పుట్టిన తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు, పాత తాలూకా, ఇప్పటి మండలం ఉండాలి. తల్లి పేరు ముందు ఉండాలి. బూర్గుల రాయి మీద "ఇంటిపేరైన ఊరు ఇదే, ఆయన పుట్టింది పడకల్‌లో" అని రాస్తే చాలు. మహానుభావుడు, మహోన్నతుడు లాంటి మాటలు అక్కర్లేదు.

రాయి ఎట్లా ఉండకూడదో కూడా చెప్తాను, ఎందుకంటే ఒకటి చూసి వచ్చాను. అది ఏ ఊరిదో, ఏ నాయకుడిదో ఇక్కడ అనవసరం. నల్ల గ్రానైట్ మీద పసుపు రంగు అక్షరాలు. ఎండ పడితే అద్దంలా మన మొహమే కనిపిస్తుంది, రాత కనబడదు. అక్షరాలు పైపైన గీసినవి కావడంతో రంగు సగం లేచిపోయింది. నా వెంట వచ్చిన పిల్లలు చదవలేకపోతే జేబులోని సుద్దముక్క తీసి రాయి మీద అడ్డంగా రుద్ది, అరచేత్తో తుడిచాను. గీతల్లో సుద్ద నిలిచి అప్పుడు అక్షరాలు తేలినాయి. తేలిన వాటిలో ఆవిష్కరణకు వచ్చినవాళ్ల పేర్లు పదిహేడు. నాయకుడి గురించి ఉన్నది ఒకటిన్నర లైను, అందులోనూ పుట్టిన ఏడు చెదిరిపోయి చదవరాలేదు. పిల్లల్లో ఒకడు "ఇందులో ఆయన ఎవరు సార్?" అని అడిగాడు.

అందుకే పంచాయతీలకు, రాష్ట్ర వారసత్వ శాఖకు నా మనవి. అక్షరాలు లోతుగా చెక్కించండి. నున్నగా మెరిసే రాయి వద్దు, గరుకుదే పెట్టండి. ఆవిష్కరించిన వాళ్ల పేర్లు రాయి వెనకవైపు వేసుకోండి. రాత ఖరారు చేసే ముందు ఊరి పెద్దలకు, ఒక తెలుగు టీచరుకు చూపించండి.

పడకల్ రాయికి ప్రతి మార్చి నెలలో అక్షరాలకు రంగు వేయించే ఖర్చు నా పింఛను నుంచి ఇస్తాను. నా కొడుకుకు కూడా ఈ మాట చెప్పి ఒప్పించాను. క్విజ్ పెట్టిన బడివాళ్లు జవాబుల కాగితం దిద్దుకుంటామన్నారు. ఆ పిల్లకు పోయిన మార్కు మాత్రం ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
కల్వకుర్తి