పదిన్నరకు పట్టిక ఎందుకు?

సంపాదకుడు గారికి,

నేను లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. వేళకాని వేళ పిలుపు రావడం నాకు కొత్త కాదు. గాలివానకు తీగ తెగి రోడ్డు మీద పడితే తెల్లారాక చూద్దాం అనలేం. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో సబ్‌స్టేషన్ నుంచి మనిషి సైకిలేసుకొచ్చి తలుపు కొట్టేవాడు. మనిషిని పంపాలి కాబట్టి అవసరమా కాదా అని పైవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాళ్లు. ఇప్పుడు ఆ ఆలోచనతో పనే లేదు, వేలితో నొక్కితే చాలు.

మా కోడలు ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో పనిచేస్తుంది. ఇంటికొచ్చేసరికి ఏడున్నర. పిల్లాడికి పప్పన్నం ముద్దలు పెడుతుంటే గ్రూపులో మేనేజరు మెసేజ్: ‘రేపటి కమిట్‌మెంట్ పెట్టండి.’ అంటే రేపు ఎన్ని లోన్లు చేస్తారో మాటివ్వమని. కుడిచెయ్యి అన్నంలో, ఎడమచేతి బొటనవేలితో ‘నోటెడ్ సర్’. పెట్టకపోతే మర్నాడు మీటింగులో పేరు చదువుతారట. పదిన్నరకు మళ్లీ ఎవరెన్ని లోన్లు చేశారో ఒక పట్టిక, వెనకబడినవాళ్ల పేర్లు ఎర్రరంగులో. ఆ వేళప్పుడు లోను తీసుకునేదెవరండీ? అది చూశాక ఇక ఆ పిల్లకు నిద్రెక్కడిది! దిండు కింద ఫోన్ గుర్రుమంటే లేచి కూర్చుంటుంది. ఆదివారమూ ఇదే వరస.

2025లో మన రెండు రాష్ట్రాలూ వాణిజ్య సంస్థల్లో రోజువారీ పనిగంటల పరిమితిని 10కి పెంచాయి. ఈ రాత్రి మెసేజీలు ఆ పదిలో ఉన్నట్టా, లేనట్టా? డ్యూటీ అయ్యాక ఇలాంటి మెసేజీల బెడద లేకుండా ఫ్రాన్స్‌లో 2017 నుంచే చట్టముంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి డ్యూటీ అయ్యాక వచ్చిన ఫోన్‌కు జవాబివ్వకుండా ఉండే హక్కు ఉంది. ఆ నిరాకరణ సబబా కాదా తేల్చేటప్పుడు ఎందుకు పిలిచారు, అందుకు డబ్బు ఇస్తున్నారా అన్నవి కూడా చూస్తారు. నాకు నచ్చింది అదే. తెగిన తీగకూ లోన్ల పట్టికకూ తేడా అక్కడ తెలుస్తుంది.

మన లోక్‌సభలో మహారాష్ట్ర ఎంపీ సుప్రియా సూలే 2018లోనూ, మళ్లీ 2025 డిసెంబరులోనూ ఇలాంటి బిల్లే పెట్టారు. మంత్రి కాని సభ్యులు పెట్టే ఇలాంటి ప్రైవేటు మెంబరు బిల్లు 1970 తర్వాత ఒక్కటీ చట్టం కాలేదు గనక దాని మీద నేను ఆశ పెట్టుకోలేదు. పనిగంటలు పెంచగలిగిన రాష్ట్ర ప్రభుత్వాలు, డ్యూటీ అయ్యాక మెసేజీకి పలకని ఉద్యోగి మీద చర్య తీసుకోరాదని, పలికితే ఆ సమయాన్ని ఓవర్‌టైమ్‌లో రాయాలని ఒక నిబంధన చేర్చలేవా? డబ్బు కట్టాల్సి వస్తే పదిన్నరకు పట్టిక పంపే మేనేజర్లు ఎందరు మిగులుతారో చూద్దాం.

– ఒక రిటైర్డ్ లైన్‌మన్, తెనాలి