హిట్లర్‌కు ముందు బ్రూనింగ్ ఉన్నారు

సంపాదకుల వారికి,

తోపుడు బండి నిండా నోట్లు వేసుకెళ్లి రొట్టె కొనుక్కున్న జర్మన్ల కథ మన పత్రికల్లో, గ్రూప్స్ పుస్తకాల్లో తరచూ వస్తూనే ఉంటుంది. దాని వెంటే ‘అందుకే హిట్లర్ వచ్చాడు’ అన్న వాక్యమూ వస్తుంది. 1923 నవంబరులో ఒక డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులు పలికిన మాట నిజమే. అయితే కొత్త కరెన్సీ వచ్చాక ఆ మంట త్వరగానే ఆరింది. 1928 మే ఎన్నికల్లో నాజీలకు పడినవి 2.6 శాతం ఓట్లు, దక్కినవి 12 సీట్లు. 1930 సెప్టెంబరులో ఆ 12 కాస్తా 107 అయ్యాయి. 1932 జులైలో 230. ఆ మధ్య 26 నెలలు జర్మనీని ఏలిన ఛాన్సలర్ (మన ప్రధాని లాంటి పదవి) హైన్రిష్ బ్రూనింగ్ పేరు మన పాఠాల్లో ఎక్కడా కనిపించదు. ఆయన కాలంలో దేశాన్ని కుంగదీసింది ద్రవ్యోల్బణం కాదు, ప్రతిద్రవ్యోల్బణం, అంటే ధరలు, జీతాలు పడిపోతూ పోవడం. పిల్లలు సరిగ్గా తలకిందులుగా నేర్చుకుంటున్నారు.

బ్రూనింగ్ క్యాథలిక్కుల సెంటర్ పార్టీ నాయకుడు. క్రైస్తవ కార్మిక సంఘాల్లో పనిచేసి 1924లో పార్లమెంటుకు, అంటే రైష్‌స్టాగ్‌కు ఎన్నికయ్యారు. పన్నులు, బడ్జెట్ లెక్కల్లో దిట్ట. 1930 మార్చి 27న హెర్మన్ మ్యూలర్ సంకీర్ణ ప్రభుత్వం పడిపోయింది. నిరుద్యోగ బీమా చందాను జీతంలో 3.5 శాతం నుంచి 4 శాతానికి పెంచాలా వద్దా అన్నదే గొడవ. అర శాతం దగ్గర ప్రభుత్వం పోయింది. మూడు రోజుల తర్వాత అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ బ్రూనింగ్‌ను ఛాన్సలర్‌ను చేశారు. అదే చందాను ఆ ఏడాదిలోనే బ్రూనింగ్ 6.5 శాతానికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

అసలు మలుపు 1930 జులైలో ఉంది. అప్పటి జర్మన్ రాజ్యాంగమైన వైమర్ రాజ్యాంగంలోని 48వ అధికరణం కింద శాంతిభద్రతలకు ముప్పు వస్తే అధ్యక్షుడు డిక్రీ, అంటే చట్టంలా అమలయ్యే ఉత్తర్వు, జారీ చేయొచ్చు. దాని మీద ఛాన్సలర్ సంతకం కూడా ఉండాలి. వెంటనే రైష్‌స్టాగ్‌కు తెలపాలి, సభ వద్దంటే ఆ డిక్రీని రద్దు చేయాలి. చూడటానికి తాళం గట్టిగానే ఉంది. కానీ పక్కనే 25వ అధికరణం ఉంది. దాని కింద అధ్యక్షుడు సభనే రద్దు చేయొచ్చు, 60 రోజుల్లోగా ఎన్నికలు పెడితే చాలు. జులై 16న బ్రూనింగ్ ఆర్థిక బిల్లు 256–193 ఓట్లతో ఓడింది. అదే బిల్లును ఆయన డిక్రీగా తెచ్చారు. 18న సభ ఆ డిక్రీనీ కొట్టేసింది. ఆ రోజే సభ రద్దయింది. 26న డిక్రీ మళ్లీ వచ్చింది, అడ్డుకోవడానికి సభ లేదు. 58వ రోజున జరిగిన ఎన్నికల్లోనే నాజీలకు 107 సీట్లు వచ్చాయి. గడువుకు దాదాపు రెండేళ్ల ముందు ఆ ఎన్నికలు తెచ్చిపెట్టుకున్నది బ్రూనింగే.

కొత్త సభలో సోషల్ డెమొక్రాట్లు హిట్లర్ భయంతో ఆయన్ని సహించారు. అవిశ్వాసం పెడితే పడిపోనివ్వలేదు, డిక్రీలను రద్దు చేయనివ్వలేదు. 1930లో సభ 98 చట్టాలు చేస్తే డిక్రీలు 5. మరుసటి ఏడాది చట్టాలు 34, డిక్రీలు 44.

ఒక్క డిక్రీని దగ్గరగా చూడండి. 1931 డిసెంబరు 8 నాటిది. జీతాలను 1927 జనవరి 10 నాటి స్థాయికి దించారు. కార్టెళ్లు (ధరలను కలిసి నిర్ణయించుకునే కంపెనీల కూటములు) కట్టడి చేసిన ధరలు, ఇంటి అద్దెలు 10 శాతం తగ్గించమన్నారు. 8 శాతం వడ్డీ ఉన్న బాండ్లను 6 శాతానికి తెచ్చారు. ధరల కమిషనర్‌గా లైప్‌జిగ్ మేయర్ గోర్డెలర్‌ను పెట్టారు. అన్నీ సమంగా దిగితే ఎవరికీ నష్టం లేదన్నది లెక్క. అదే డిక్రీలో అమ్మకం పన్నును 0.85 నుంచి 2 శాతానికి పెంచారు. ఒక చేత్తో ధర దించి రెండో చేత్తో ఎక్కించినట్టయింది. పైగా వడ్డీ తగ్గినా అప్పులో అసలు మొత్తం తగ్గలేదు. ప్రభుత్వోద్యోగుల జీతాల్లో ఆయన వేసిన మూడు కోతలూ కలిపి 19 నుంచి 23 శాతం పోయింది. నెలకు 300 మార్కులు తెచ్చుకునే గుమాస్తాకు కనీసం 57 మార్కులు తెగాయి, ఇంటి మీద అప్పు మాత్రం అంతే ఉంది. కొనేవాడి చేతిలో డబ్బు లేక కొట్లు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పన్ను వసూళ్లు పడిపోయి బడ్జెట్‌లో మళ్లీ లోటు, మళ్లీ కోత. 1932 ఫిబ్రవరికి నమోదైన నిరుద్యోగులు 61 లక్షలు దాటారు. జనం ఆయనకు ‘ఆకలి ఛాన్సలర్’ అని పేరు పెట్టారు.

ఆయనకు వేరే దారి లేదనే చరిత్రకారులూ ఉన్నారు. 1931 జులైలో జర్మనీలోని పెద్ద బ్యాంకుల్లో ఒకటైన డనాట్ కూలింది, విదేశీ అప్పు పుట్టలేదు, 1923 భయంతో నోట్లు అచ్చేయడానికి ఎవరూ సాహసించలేదు. ఆ వాదనలో బలం ఉంది. కానీ ఆ సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని (కరెన్సీ విలువను బంగారానికి కట్టే పద్ధతిని) వదిలేశాక కూడా మార్కు విలువను కదలనివ్వకపోవడం, డిసెంబరులో మరింత బిగించడం బ్రూనింగ్ ఎంచుకున్నవే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడినందుకు జర్మనీపై పడిన యుద్ధ పరిహారం కట్టలేమని ప్రపంచానికి చూపించాలన్న పట్టుదల ఆయనది. ఆ పరిహారం నిజంగానే 1932 జులై 9న స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కుదిరిన ఒప్పందంతో దాదాపు రద్దయింది. అప్పటికి ఆయన దిగిపోయి 40 రోజులు.

దించింది సభ కాదు. మే 12న అవిశ్వాసం వీగిపోయింది. దివాలా తీసిన తూర్పు ప్రాంతపు ఎస్టేట్లను నిరుద్యోగులకు పంచాలన్న ప్రతిపాదన మీద జమీందార్లు హిండెన్‌బర్గ్ చెవిన వేశారు, జనరల్ ష్లైషర్ వెనక నుంచి నడిపారు. ఇక డిక్రీల మీద సంతకం పెట్టనని అధ్యక్షుడు చెప్పడంతో మే 30న బ్రూనింగ్ రాజీనామా చేశారు. ఆయన స్థానంలో ఛాన్సలర్‌గా వచ్చిన పాపెన్‌కు సభలో ఆ పాటి మద్దతు కూడా లేదు.

అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కుల నిలుపుదలను మనం వైమర్ రాజ్యాంగం నుంచి తీసుకున్నామని గ్రూప్స్ అభ్యర్థులంతా బట్టీ పడతారు. మన 123వ అధికరణం ప్రకారం ఆర్డినెన్స్ పార్లమెంటు తిరిగి సమావేశమైన ఆరు వారాలకు దానంతటదే పోతుంది. వైమర్ డిక్రీకి అలాంటి గడువు లేదు. ఈ తేడా కూడా పక్కనే చెప్పాలి. ఇకపై మీ విద్యా పేజీలో నోట్ల బండి బొమ్మ వేసినప్పుడు, కింద 1930 జులై 18 తేదీని, బ్రూనింగ్ పేరును కూడా వేయమని కోరుతున్నాం.

— చరిత్ర అధ్యాపకులు, హనుమకొండ