పవర్ కోసం హెడ్ మార్పించుకోవాలనుకునే మా కస్టమర్లకు

ఒడిశా కొరాపుట్ జిల్లా జైపూర్‌లో మన షెడ్డుకి బండ్లు తెచ్చేవాళ్లందరికీ నమస్కారం. సెమిలిగుడ, రాయగడ నుంచి, ఘాట్ కింద సాలూరు, పార్వతీపురం నుంచి వచ్చేవాళ్లకి కూడా ఇదే మాట. ఈ మధ్య ఫోన్ ఎత్తితే ఒకటే ప్రశ్న: "అన్నా, నా పాత మారుతీ జిప్సీ జీపుకి పదహారు వాల్వుల హెడ్ ఎక్కించేస్తావా, ఎంతవుతుంది?" హెడ్ అంటే ఇంజన్ మీద మూతలా కూర్చునే భాగం. గాలి లోపలికి, పొగ బయటికి వదిలే వాల్వులు దాంట్లోనే ఉంటాయి. అడగ్గానే రేటు చెప్పట్లేదనీ, బండి చూడందే ఒప్పుకోవట్లేదనీ కొందరికి కోపం వచ్చింది. విడివిడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాస్తే మంచిదనిపించింది.

ఇకమీదట పవర్ కోసం హెడ్ మార్చే పని ఏదైనా సరే, ఇంజన్ విప్పి కొలిచాకే ఒప్పుకుంటాం. కొలిచినందుకు విడిగా చార్జీ ఉంటుంది. పని మాకే ఇస్తే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తాం. కొలతలు చూశాక వద్దనుకుంటే, కాగితం మీద రాసిస్తాం, ఏ మెకానిక్ దగ్గరికైనా పట్టుకెళ్లండి.

ఈ ఆశ పెట్టుకోవడం తప్పని నేను అనను. పాత జిప్సీ కింగ్‌లో ఉన్నది 1298 సీసీ, 8 వాల్వులు, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్. దాని పవర్ 60 హార్స్‌పవర్ దగ్గర. 2000లో అదే 1298 సీసీకి 16 వాల్వుల హెడ్, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే పద్ధతి) పెట్టేసరికి 80 అయింది. మారుతీ 800 కూడా అంతే. 796 సీసీలో 6 వాల్వులతో 37 ఉన్నది 12 వాల్వులతో 45కి వెళ్లింది. బోరు (సిలిండర్ వెడల్పు) మారలేదు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) మారలేదు. లోపలికి దూరే గాలి పెరిగింది, దానికి తగ్గట్టు పెట్రోలు పెరిగింది. ఇంజన్ ఊపిరంతా హెడ్‌లోనే ఉంటుంది. ఈ పనంటే నాకు చెప్పలేనంత ఇష్టం కూడా. అందుకే దాన్ని తొందరలో పాడుచేయబుద్ధి కాదు.

ఒక్కటి గమనించండి. ఆ 80 వచ్చేది 6000 ఆర్‌పీఎం దగ్గర. సాలూరు నుంచి పైకొచ్చే సుంకి ఘాట్‌లో మనుషుల్ని, సామాన్లని ఎక్కించుకుని రెండో గేరులో పోయేటప్పుడు ఇంజన్‌ని 6000 దాకా ఎవరు తిప్పుతారు? అక్కడ మనకి కావలసింది కింది ఆర్‌పీఎంలో లాగుడు. పైగా కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి కిందకంటే దాదాపు ఎనిమిది శాతం పలచన. ఏ హెడ్ పెట్టినా ఆ మేరకు పవర్ పోతుంది. కార్బురేటర్ బండైతే పెట్రోలు ఎక్కువై నల్లపొగ కూడా వదులుతుంది. "సాలూరులో బాగా లాగింది, పొట్టంగి దాటాక చచ్చిపోయింది" అని బండి తెచ్చినవాళ్లకి చాలాసార్లు జెట్టు (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రం), టైమింగ్ (ప్లగ్గు నిప్పు కొట్టే సమయం) సరిచేసి పంపాం. హెడ్ ముట్టుకోనే లేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత నొక్కుకుంటుందనేది) పెంచమని హెడ్ అడుగు కోయించుకుని, కొండ మీద బాగుందని టైమింగ్ ముందుకు జరిపేస్తారు. అదే బండి మే నెల ఎండలో ఘాట్ దిగి, లోడుతో మైదానంలో పోతుంటే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజన్ టకటకా కొట్టడం) మొదలవుతుంది. గ్యాస్కెట్టో (హెడ్ కింద పెట్టే సీలు) పిస్టనో పోయేది అక్కడే. లెక్క చెప్తాను. జిప్సీ బోరు 74 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75.5. అంటే ఒక్కో సిలిండర్‌కి సుమారు 325 సీసీ. కంప్రెషన్ తొమ్మిదికి ఒకటి ఉండాలంటే పైన మిగలాల్సిన జాగా 40.6 సీసీ. తొమ్మిదిన్నర కావాలంటే 38.2. తేడా రెండున్నర సీసీ కూడా లేదు. హెడ్ అడుగు కోసే ఫేసింగ్ మెషీన్ మీద "ఇంకొంచెం తియ్యి" అనే మాటకి ఎంత బరువుందో ఇక్కడ తెలుస్తుంది. అందుకే హెడ్ తిరగేసి, చాంబర్ (పెట్రోలు మండే గుంట) మీద అద్దం బిళ్ల పెట్టి, సిరంజితో నూనె పోసి నాలుగు చాంబర్లూ కొలుస్తాం. నాలుగూ ఒకటిగా లేకపోతే ముందు అవి సమం చేయాలి.

వేరే మోడల్ హెడ్ ఎక్కించాలంటే ఇంకో పరీక్ష తప్పదు. పిస్టన్ తల మీద మెత్తటి మైనం ముద్ద అద్ది, పాత గ్యాస్కెట్‌తో హెడ్ బిగించి, టైమింగ్ బెల్టు వేసి, క్రాంకుని స్పానర్‌తో చేత్తో రెండు చుట్లు తిప్పుతాం. స్టార్టర్ అస్సలు వాడం. మళ్లీ విప్పితే మైనంలో వాల్వు అచ్చు పడి ఉంటుంది. బ్లేడుతో అడ్డంగా కోసి, అచ్చు అడుగున మిగిలిన మందం కొలుస్తాం. ఇన్‌లెట్ (గాలి లోపలికొచ్చే) వాల్వు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ (పొగ బయటికెళ్లే) వాల్వు దగ్గర రెండు కంటే తక్కువుంటే ఆ హెడ్ ఆ పిస్టన్ల మీద కూర్చోదు. పిస్టన్లు మార్చాలి, లేదంటే వదిలేయాలి. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగుతుంది కాబట్టి దానికి ఎక్కువ వదలాలి.

పాత సామాన్ల కొట్లో హెడ్ కొని తెచ్చేవాళ్లు దయచేసి కొనకముందు ఒకసారి ఫోన్ చేయండి. పోయిన నెల ఒకాయన మెరిసిపోయే హెడ్ తెచ్చారు. వైరు బ్రష్ కొట్టి, పాలిష్ పెట్టి అమ్మారు. నీటి దారులు మూసి, గాలి ఎక్కించి, వేడినీళ్ల తొట్టిలో ముంచాం. మూడో సిలిండర్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు కూర్చునే సీట్ల మధ్య నుంచి సన్నగా బుడగలు లేచాయి. వెంట్రుకంత పగులు. కంటికి కనపడదు. ఆయన మొహం చూస్తే నాకూ బాధేసింది. ఆ డబ్బుతో ఆయన సొంత హెడ్‌కే కొత్త గైడ్లు (వాల్వు కాడ జారే గొట్టాలు), సీట్లు, వాల్వులు అన్నీ వచ్చేవి.

పదహారు వాల్వుల హెడ్‌తో కథ అయిపోదు. ఎంపీఎఫ్ఐగా నడపాలంటే ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్), వైరింగ్, సెన్సర్లు, ట్యాంకులో ప్రెషర్ పంపు, రిటర్న్ పైపు, అన్నీ ఒకే బండివి కావాలి. ముక్కలు ముక్కలుగా తెస్తే పని మా షెడ్డులో నెలలు పడి ఉంటుంది. అలాంటివి ఇక తీసుకోం.

పసుపు నంబరు ప్లేటు బండ్లకి ఈ పని చేయం. ఇంజన్ నంబరు బ్లాక్ మీదే ఉంటుంది కదా, హెడ్ మారిస్తే ఎవరికి తెలుస్తుంది అంటారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ప్రయాణికులతో ఘాట్ ఎక్కే బండి విషయంలో నేను ఆ బాధ్యత తీసుకోలేను. సొంత బండివాళ్లు ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి, రాతపూర్వకంగా తెచ్చుకుంటే మాట్లాడదాం.

అడిగినవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇది: ముందు కంప్రెషన్ గేజీ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టిద్దాం. నాలుగు సిలిండర్ల మధ్య ఒక కేజీ కంటే తేడా వస్తే ఉన్న హెడ్‌కే సీట్లు కోసి, వాల్వులు గ్రైండ్ చేసి, గైడ్లు మార్చి, పోర్టుకీ (హెడ్‌లో గాలి దారి) మానిఫోల్డ్‌కీ (దానికి తగిలించే పైపు) మధ్య ఉన్న మెట్టు సాఫు చేద్దాం. పోయిన లాగుడులో చాలా భాగం అక్కడే తిరిగొస్తుంది. ఖర్చూ తక్కువే.

హెడ్ పనులకి సోమ, మంగళవారాలు కేటాయించాం. ముందుగా ఫోన్ చేసి, సగం అడ్వాన్స్ కట్టి బండి దించండి. బండి తీసుకెళ్లేటప్పుడు మీ పాత హెడ్, వాల్వులు అడిగి పట్టుకెళ్లండి, అవి మీ సొమ్ము. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తెస్తే వాల్వు క్లియరెన్స్ (వాల్వు దగ్గర వదిలే సందు) చూసి పంపుతాం, దానికి డబ్బులేం అక్కర్లేదు.