మా క్లయింట్లకు ఒక మాట: "అయిపోయినట్టే" అని ఇక చెప్పను

నమస్కారం. విజయవాడ సూర్యారావుపేటలో మా ఆఫీసుకు వచ్చే దుకాణదారులకు, అపార్ట్‌మెంట్ సంఘాలవారికి, గుంటూరు నుంచి వచ్చే కోల్డ్ స్టోరేజీ యజమానులకు, మా మీద నమ్మకంతో సర్కారు ఆఫీసుల్లో తమ పని అప్పగించిన అందరికీ ఇది రాస్తున్నాను.

కొన్ని నెలలుగా మీరు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు, "మా ఫైల్ ఎక్కడుందండీ?" అని. కొందరికి సరిగ్గానే చెప్పాను. కొందరికి మాత్రం "అయిపోయినట్టేనండీ, ఈ వారంలో జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) వచ్చేస్తుంది" అన్నాను. ఆ వారం గడిచింది, నెలలు గడిచాయి, జీవో రాలేదు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి.

ముందు సింగ్‌నగర్ సంగతి చెబుతాను, ఎక్కువ నష్టం అక్కడే జరిగింది కాబట్టి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు ఊళ్లోకి వచ్చాక ప్రభుత్వం ఇళ్లతోపాటు వ్యాపారాలకూ సాయం ప్రకటించింది. చిన్న దుకాణాలకు 25 వేలు, రిజిస్టరైన చిన్న పరిశ్రమలకు టర్నోవర్‌ను బట్టి 50 వేల నుంచి లక్షన్నర దాకా. లెక్కలు రాసుకున్నారు, వార్డు సచివాలయాల్లో జాబితాలు పెట్టారు. జాబితాలో పేరు లేనివాళ్లు 41 మంది మా దగ్గరకు వచ్చారు.

అందరం కలిసి అడిగితే బరువుంటుందనుకున్నాను. 41 అర్జీలూ కలిపి కుట్టి, పైన ఒకే వినతిపత్రం పెట్టి ఇచ్చాను. రశీదు మీద పడింది కూడా ఒకే నంబరు. కట్టలో కొందరి కాగితాలు సరిగ్గా లేవు. అందరి అర్జీ ఒకటే కాబట్టి వివరాలు చాలలేదని మొత్తం కట్టకే జవాబు వచ్చింది. ఆ సంగతి కూడా నేను వెళ్లి అడిగితేనే తెలిసింది, అప్పటికి చాలా రోజులు గడిచిపోయాయి. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. విడివిడిగా ఇచ్చి ఉంటే కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్లవి అప్పుడే కదిలేవి.

వాళ్లలో పిండి మర నడిపే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన తెచ్చిన కరెంటు బిల్లు నీళ్లలో నాని, ఎండాక అప్పడంలా బిరుసెక్కింది. మడత విప్పితే విరిగిపోతుందేమోనని మా ఆఫీసు అమ్మాయి దాన్ని అద్దం కింద పెట్టి, ఫోన్ లైటు వేసి, సర్వీసు నంబరు ఒక్కో అంకే చదివింది. తీరా చూస్తే మీటరు చనిపోయిన వాళ్ల నాన్నగారి పేరు మీద ఉంది, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషనేమో ఈయన పేరు మీద. అది అప్పుడే సరిచేయించి ఉండాలి. నేను కట్టలో పెట్టేశాను. తర్వాత అన్నీ విడదీసి మళ్లీ ఇచ్చాం, చాలామందికి డబ్బు పడింది. ఆయనకు పడలేదు. "నాది విడిగా ఇచ్చుంటే సరిపోయేది కదా బాబూ" అన్నారంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ 41 మంది దగ్గర తీసుకున్న ఫీజు మొత్తం తిరిగి ఇచ్చేస్తున్నాను. ఇంకా రానివాళ్ల పని ఫీజు లేకుండానే చేస్తాను.

ఇక కోల్డ్ స్టోరేజీలు. 2022 ఏప్రిల్‌లో వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకు విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసల నుంచి రూపాయికి పెంచారు. నెలకు లక్ష యూనిట్లు కాలే చోట 6 వేలు కట్టేవాళ్లు లక్ష కట్టాలి. మిర్చి టిక్కీలు (బస్తాలు) లోపల ఉన్నన్నాళ్లు కంప్రెసర్ ఆపడానికి లేదు. మీ బాధ నాకు తెలుసు. ఆ సుంకం తగ్గించమని తిరుగుతుంటే మంత్రిగారి పేషీలో ఒకాయన "సార్ సానుకూలంగానే ఉన్నారు" అన్నారు. నేను అదే పట్టుకుని మీకు "అయిపోయినట్టే" అని చెప్పేశాను. అప్పటికి ఫైల్ ఇంకా ఆర్థిక శాఖ గడపే తొక్కలేదు.

వెలగపూడి సచివాలయంలో పని ఎలా నడుస్తుందో మీకు ముందే వివరంగా చెప్పి ఉండాల్సింది. అర్జీ తపాల్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోవడం మొదటి మెట్టు మాత్రమే. సెక్షన్‌లో నోట్ రాయాలి. ఖజానా మీద భారం పడేదైతే ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, రూలు మార్చాలంటే న్యాయ శాఖ చూడాలి. మధ్యలో జిల్లా నుంచి నివేదిక అడిగారంటే ఫైల్ కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కాలి. మంత్రిగారు సరేనన్నా ఈ మెట్లు తప్పవు. కరకట్ట మీదుగా వెళ్లి నేను చేసేదల్లా ఏ మెట్టు దగ్గర ఏ కాగితం కావాలో కనుక్కుని అది అందించడం, మీ కష్టాన్ని లెక్కలతో సహా చెప్పడం.

ఇంకో సంగతి. బిల్లులో సుంకం, టారిఫ్ పక్కపక్కనే ఉంటాయి కానీ వాటి తలుపులు వేరు. సుంకం అంటే కరెంటు మీద పన్ను, అది ప్రభుత్వం చేతిలో ఉంది. టారిఫ్ అంటే కరెంటు ధర, దాన్ని విద్యుత్ నియంత్రణ మండలి తేలుస్తుంది. డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) ఏటా నవంబరు 30 లోపు వచ్చే ఏడాది లెక్కలు మండలికి ఇస్తాయి, ఆ తర్వాత అభ్యంతరాలు పిలుస్తారు. ఎవరైనా రాసి పంపొచ్చు, విచారణలో మాట్లాడొచ్చు. దానికి నేను అక్కర్లేదు. నమూనా కావాలంటే ఆఫీసులో ఊరికే ఇస్తాం.

డబ్బు గురించి కూడా దాచుకోకుండా చెప్పాలి. ఈమధ్య ఒక పెద్ద క్లయింట్ "పై ఖర్చులు ఎంతైనా పర్వాలేదు, పని కానివ్వండి" అన్నారు. కుదరదన్నాను, వేరేచోటికి వెళ్లిపోయారు. ఆయన ఫీజు పోవడం మాకు దెబ్బే. కానీ అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్లకూ ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే చట్టం వాళ్లను కాపాడుతుంది. "పని అయితే ఇంత శాతం" అన్న బేరమూ నేను ఒప్పుకోను. మమ్మల్ని పైరవీకారులనే వాళ్లు ఎలాగూ అంటారు. మీ పేరు మాత్రం నా వల్ల ఏ కేసులోనూ రాకూడదు.

ఇకమీదట ప్రతి నెలా ఒకటో తారీఖున మీ అందరికీ వాట్సాప్‌లో ఒక పేజీ వస్తుంది. ఫైల్ నంబరు, ఏ సెక్షన్‌లో ఉంది, ఎన్నాళ్లుగా ఉంది, ఏం అడిగారు, మేం ఏం ఇచ్చాం. కదలకపోతే కదల్లేదనే ఉంటుంది. మరీ కదలకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడతాం, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జీవో వచ్చిందని నా నోటి మాట నమ్మొద్దు. 2021లో జీవోలు సైట్లో పెట్టడం ఆపేసినప్పుడు ఎవరో ఒకరి మాట మీద ఆధారపడక తప్పలేదు. 2024లో మళ్లీ పెట్టడం మొదలైంది కాబట్టి నంబరుతో సహా కాపీ పంపుతాను, మీరే చూసుకోండి.

ఆఫీసులో ఉన్నది ఇద్దరమే. అందుకే ఉగాది దాకా కొత్త పని తీసుకోవడం లేదు.

పిండి మర పెద్దాయన మీటరు పేరు మార్పు పూర్తయింది. సోమవారం ఆయనతో కలిసి అర్జీ ఇవ్వడానికి కలెక్టరేట్‌కు వెళ్తున్నాను. సింగ్‌నగర్ వాళ్లలో ఇంకా డబ్బు రానివాళ్లు ఆధార్, కరెంటు బిల్లు, ఉద్యమ్ కాగితం, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు రెండేసి సెట్లు తీసుకుని శనివారం సాయంత్రంలోగా ఆఫీసుకు రండి. ఎవరి అర్జీ వారికే విడిగా రాసి పెడతాం.